ఆర్త్వా కౌంట్ల వంశం: మేనత్త, మేనల్లుడు, ఒక దొంగ దస్తావేజు (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఆర్త్వా ఎక్కడుంది? ఆ పేరు ఎప్పుడూ వినలేదే?

వినే ఉంటారు. స్కూల్లో ఆర్టీజియన్ బావి గురించి చదువుకున్నాం కదా, మోటారు లేకుండానే నీళ్లు పైకి తన్నుకొచ్చే బావి. దానికి ఆ పేరు ఈ ఊరి వైపు నుంచే వచ్చింది. ఫ్రాన్సుకు ఉత్తరాన, బెల్జియం సరిహద్దుకు దగ్గరగా ఉన్న ప్రాంతం ఇది. ముఖ్య పట్టణం ఆరాస్. సాంతొమేర్, బెతూన్, లాన్స్, ఎదాన్ కూడా ఇందులోవే. ఇప్పుడు చాలావరకు పా-ద-కలే జిల్లాలో ఉంది. మధ్యయుగంలో పక్కనే ఉన్న ఫ్లాండర్స్‌తో కలిసి ఉన్ని బట్టల వ్యాపారంతో బాగా సంపాదించిన నేల. దాని కోసం కొట్టుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

పేర్లు చదువుతుంటే తల తిరుగుతోంది. అందరూ రాబర్టులూ, జోన్‌లేనా?

దాదాపు అంతే. ఈ పేజీలో ముగ్గురు రాబర్ట్ కౌంట్లకు (కౌంటు అంటే ఒక ప్రాంతాన్ని ఏలే పెద్ద దొర) వరస నంబర్లు ఇచ్చాను. మొదటి రాబర్ట్ ముత్తాత అయితే, రెండో రాబర్ట్ కొడుకు, మూడో రాబర్ట్ మునిమనవడు. మధ్యలో ఒక తరం తప్పింది. ఆ తప్పిన తరమే ఈ కథంతటికీ మూలం. నిజానికి మూడో రాబర్ట్ ఏనాడూ ఆర్త్వాకు కౌంటు కాలేదు. చరిత్రకారులు అలవాటుగా ఆ నంబరు తగిలించారు, బతికుండగా దక్కని గౌరవం అలా దక్కింది.

జోన్‌లు ఇంకా ఎక్కువ. మహో (రెండో రాబర్ట్ కూతురు, ఈ కథలో మేనత్త) కూతుర్ని పెద్ద జోన్ అనీ, ఆ జోన్ కూతుర్ని చిన్న జోన్ అనీ రాశాను. ఇక 'మహో' అన్న పేరులో ఫ్రెంచివాళ్లు 'హ' పలకరు, 'మా-ఓ' అంటారు. తెలుగులో అలా రాస్తే చైనా నాయకుడు గుర్తొస్తాడు కాబట్టి మహో అనే ఉంచేశాను.

ఈ వంశం ఎక్కడ మొదలైంది?

రాజుగారి ఇంట్లోనే. 1180లో ఫ్రాన్సు రాజు ఫిలిప్ అగస్టస్ ఎనో ప్రాంతపు ఇసబెల్‌ను పెళ్లి చేసుకున్నప్పుడు ఆర్త్వా కట్నంగా వచ్చింది. ఆమె కొడుకు ఎనిమిదో లూయీ తన వీలునామాలో దాన్ని రెండో కొడుకు రాబర్ట్‌కు రాశాడు. ఆ రాబర్ట్ పెద్దవాడై పెళ్లి చేసుకున్నాక, 1237లో అతని అన్న తొమ్మిదో లూయీ (తర్వాత సెయింట్ లూయీ అని పిలిచింది ఈయన్నే) దాన్ని అప్పజెప్పాడు. అలా మొదటి రాబర్ట్ ఆర్త్వా కౌంటు అయ్యాడు.

వీళ్ల చిహ్నం చూస్తేనే పుట్టుక తెలిసిపోతుంది. నీలం మీద రాజవంశపు బంగారు లిల్లీ పూలు, పైన ఎర్రటి పట్టీ, ఆ పట్టీ కొసల మీద బంగారు కోటలు. ఆ కోటలు రాబర్ట్ తల్లి బ్లాంష్ పుట్టింటివి, అంటే స్పెయిన్‌లోని కాస్టీల్‌వి.

మొదటి రాబర్ట్ అన్నతో కలిసి క్రూసేడ్‌కు వెళ్లి, 1250 ఫిబ్రవరి 8న ఈజిప్టులోని మన్సూరాలో తొందరపడి పట్టణంలోకి దూసుకెళ్లి చనిపోయాడు. కొడుకు రెండో రాబర్ట్ తండ్రి పోయాక ఆ సెప్టెంబరులో పుట్టాడు.

రాజు తమ్ముళ్లకు ఇచ్చిన భూములు మగపిల్లలకే వెళ్లాలి కదా?

తర్వాతి కాలంలో అలా అయింది. ఇలా రాజు చిన్న కొడుకులకు పోషణ కోసం ఇచ్చే భూమిని 'అపనాజ్' అంటారు. మగ వారసుడు లేకపోతే అది రాజుకు తిరిగి రావాలన్న షరతు 1314 ప్రాంతంలో, రాజు నాలుగో ఫిలిప్ చివరి రోజుల్లో గట్టిపడింది. ఆర్త్వాను ఇచ్చింది అంతకు చాలా ముందు. ఆ పత్రంలో ఆడపిల్లలకు వెళ్లకూడదన్న మాట లేదు. మహో కోర్టులో నిలబడటానికి ఇదే మొదటి మెట్టు.

సరే, అసలు గొడవ ఎలా వచ్చింది?

రెండో రాబర్ట్ గట్టి సైనికుడు. కొన్నేళ్లు నేపుల్స్ రాజ్యాన్ని కూడా చూసుకున్నాడు. ఆయనకు ఒక కూతురు, ఒక కొడుకు. కూతురు మహో, 1268 ప్రాంతంలో పుట్టింది. కొడుకు ఫిలిప్ ఆమెకు తమ్ముడు. 1297 ఆగస్టులో ఫ్యూర్న్ దగ్గర ఫ్లాండర్స్‌వాళ్ల మీద గెలిచిన యుద్ధంలో ఫిలిప్‌కు గాయాలయ్యాయి. వాటితోనే తీసుకుని తీసుకుని మరుసటి ఏడాది సెప్టెంబరులో పోయాడు. అప్పటికి అతని కొడుకు మూడో రాబర్ట్‌కు 11 ఏళ్లు.

నాలుగేళ్లు తిరగకుండానే, 1302 జులై 11న, కోర్త్రేలో తాత కూడా పోయాడు. ఫ్లాండర్స్ నేతగాళ్లు, కాలిబంట్లు కలిసి ఫ్రాన్సు గుర్రపు దళాన్ని మట్టికరిపించిన యుద్ధం అది. చచ్చిన సర్దార్ల బూట్ల నుంచి ఊడదీసిన బంగారు మడమ ముళ్లను చర్చిలో వేలాడదీశారట. ఆ దళానికి నాయకుడు రెండో రాబర్టే.

ఇప్పుడు ఇంట్లో మిగిలింది ఎవరు? పెళ్లయిన కూతురు మహో, చనిపోయిన కొడుకు పిల్లాడు 15 ఏళ్ల రాబర్ట్. అంటే మేనత్త, మేనల్లుడు.

కొడుకు కొడుకు ఉండగా కూతురికి ఎలా ఇచ్చారు? ఇదేం న్యాయం?

అందరూ అడిగేది ఇదే. మనకు ఇది వింతగా అనిపించడం సహజం. మన దగ్గర ఊరి రచ్చబండ దగ్గర అడిగినా, 1956 హిందూ వారసత్వ చట్టం తీసినా ఒకటే మాట: తండ్రి ముందే పోతే అతని వాటా అతని పిల్లలకు వస్తుంది. పిల్లాడు తండ్రి స్థానంలో నిలబడతాడు. దీన్ని న్యాయశాస్త్రంలో ప్రాతినిధ్యం అంటారు.

ఆర్త్వా ఆచారంలో ఈ ప్రాతినిధ్యం లేదు. అక్కడ లెక్క ఒక్కటే: చనిపోయిన మనిషికి ఎవరు ఎన్ని మెట్ల దూరంలో ఉన్నారు? కూతురు ఒక మెట్టు. మనవడు రెండు మెట్లు. కొడుకు బతికుంటే కూతురి కంటే ముందు అతనికే వచ్చేది, అందులో అనుమానం లేదు. కానీ కొడుకు లేడు. లేని మనిషి తరఫున ఎవరూ వచ్చి నిలబడలేరు. కాబట్టి మహో.

ఇంకో సంగతి. ఫ్రాన్సు అంతటా ఇదే పద్ధతి అనుకోకండి. ఒక్కో ప్రాంతానికి ఒక్కో ఆచారం. కొన్నిచోట్ల మనవడే గెలిచేవాడు. రాబర్ట్ దురదృష్టం ఏంటంటే అతను తప్పు జిల్లాలో పుట్టాడు.

నా వరకు నాకు మూడో రాబర్ట్ మీద జాలి ఉంది. కానీ జాలి వేరు, కేసు వేరు. కేసు మొదటి రోజు నుంచీ మహోదే.

1309లో రాజు ఇచ్చిన తీర్పు నిష్పక్షపాతమేనా?

ఆచారం ప్రకారం సరైనదే. నిష్పక్షపాతం అంటే మాత్రం నవ్వొస్తుంది. మహో భర్త ఒటో, బర్గండీ కౌంటు (డ్యూకులు ఏలే బర్గండీ డచీ కాదు, పక్కనున్న ఫ్రాంష్-కోంతే). ఆయన 1295లోనే నాలుగో ఫిలిప్‌తో ఒప్పందం చేసుకుని, కూతురు పెద్ద జోన్‌ను రాజు కొడుక్కి ఇచ్చి, ఆమెతోపాటు ఆ రాజ్యాన్నీ రాసిచ్చేశాడు. 1307లో పెద్ద జోన్‌కు రాజు రెండో కొడుకు ఫిలిప్‌తో, మరుసటి ఏడాది చెల్లెలు బ్లాంష్‌కు మూడో కొడుకు చార్లెస్‌తో పెళ్లిళ్లయ్యాయి. అంటే తీర్పు చెప్పే జడ్జికి ప్రతివాది వియ్యపురాలు. ఆ రోజు మహోకు ఇచ్చింది రేపు తన కొడుకు ఇంటికే వస్తుంది.

రాబర్ట్ పెద్దవాడై దావా వేస్తే 1309 అక్టోబరులో కొట్టేశారు. ఊరట కోసం డబ్బు ఇచ్చారు, నార్మండీలో బోమోన్-లె-రొజే ఇచ్చారు. తల్లిదండ్రుల వైపు నుంచి వచ్చినవి కొన్ని ఉన్నాయి. బిచ్చమెత్తుకునే స్థితి ఏం కాదు. కానీ దాయాదుల తగాదాలో మనిషిని తినేది ఆకలి కాదు కదా.

నెల్ టవర్ కుంభకోణానికి, ఈ వంశానికి సంబంధం ఏంటి?

1314లో నాలుగో ఫిలిప్ ముగ్గురు కోడళ్లనూ ఒకేసారి పట్టుకున్నారు. ఇద్దరి మీద వ్యభిచారం ఆరోపణ, మూడో ఆమె మీద తెలిసీ చెప్పలేదన్న ఆరోపణ. ఆ ముగ్గురిలో ఇద్దరు మహో కూతుళ్లే. చిన్నది బ్లాంష్‌ను షాతో గయార్ కోటలో పెట్టారు. పెద్ద జోన్ దూర్దాన్‌లో కొన్నాళ్లు ఉండి నిర్దోషిగా బయటపడి భర్త దగ్గరికి వెళ్లిపోయింది. ప్రియులైన ఇద్దరు ఓనే అన్నదమ్ములను పాంత్వాజ్‌లో ఘోరంగా చంపారు.

బ్లాంష్ పెళ్లిని 1322లో రద్దు చేశారు. కారణం వ్యభిచారం కాదు. మహో ఒకప్పుడు చార్లెస్‌కు జ్ఞానస్నానంలో ధర్మతల్లిగా నిలబడిందట. చర్చి లెక్కలో అప్పుడు ఆమె కూతురు అతనికి అక్కాచెల్లెళ్ల వరస అవుతుంది, ఆ పెళ్లే చెల్లదు అన్నారు. పెళ్లి చేసేటప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తు రాలేదన్నమాట!

ఫ్రాన్సులో ఆడవాళ్లకు వారసత్వం లేదు, సాలిక్ చట్టం అడ్డం అని చదివాం. మరి మహో ఎలా పాలించింది?

రెండు వేరువేరు సంగతులు కలిసిపోయాయి. ఆడవాళ్లకు లేదన్నది రాజ్యానికి, అంటే కిరీటానికి. అది కూడా 1316 తర్వాతే. జమీల మీద, కౌంటీల మీద ఆ నిషేధం లేదు. ఇంకా చెప్పాలంటే ఆ 1316-17 గొడవలో సాలిక్ చట్టం పేరు ఎవరూ ఎత్తలేదు. అది తర్వాతి వాళ్లు వెతికి తెచ్చి అతికించింది.

ఇందులో అసలు తమాషా చూడండి. 1316లో నాలుగో ఫిలిప్ పెద్ద కొడుకు, రాజు పదో లూయీ చనిపోయాడు. ఆయనకు ఒక కూతురు. తమ్ముడు ఐదో ఫిలిప్ "ఆడపిల్లకు కిరీటం లేదు" అని అన్న కూతుర్ని పక్కకు నెట్టి తాను రాజయ్యాడు. అదే ఫిలిప్ తన భార్య పెద్ద జోన్ తరఫున, ఆడమనిషి ద్వారా ఆర్త్వా రావాలని ఎదురుచూస్తున్నాడు. 1317 జనవరి 9న రాన్స్‌లో పట్టాభిషేకం జరిగితే, రాజ్యపు పీర్ల (అందరికంటే పై హోదా ఉన్న దొరల) వరసలో నిలబడి అల్లుడి నెత్తిన కిరీటం పట్టిన చేతుల్లో మహో చేయి కూడా ఉంది. ఆర్త్వాకు 1297లో పీర్ హోదా వచ్చింది, ఆ హోదా ఆమెది. ఆడమనిషి కిరీటం ముట్టుకోవడమేంటని అప్పుడే కొందరు ముఖం మాడ్చుకున్నారు.

పక్కకు నెట్టిన ఆ చిన్నపిల్లకు మేనమామ బర్గండీ డ్యూక్ నాలుగో ఓడ్. మేనకోడలి తరఫున మొదట గట్టిగానే అరిచాడు. 1318లో ఐదో ఫిలిప్ తన కూతురు చిన్న జోన్‌ను ఇచ్చి పెళ్లి చేసేసరికి చల్లబడ్డాడు. ఈ పెళ్లి గుర్తుపెట్టుకోండి, ఆర్త్వా బర్గండీ వైపు నడిచింది దీనివల్లే.

1316లో రాబర్ట్ తిరుగుబాటు చేశాడంటారు. అదేంటి?

ఆర్త్వాలో చిన్న దొరలకు మహో అంటే పడదు. ముఖ్యంగా ఆమె దివాన్ లాంటి సలహాదారు తియెరీ దిర్సోన్ అంటే మంట. వాళ్ల తిరుగుబాటును రాబర్ట్ తన దావాకు వాడుకున్నాడు. సైన్యంతో వచ్చి కొన్ని ఊళ్లు పట్టుకున్నాడు. ఐదో ఫిలిప్ కదిలేసరికి లొంగిపోయాడు. 1318లో మళ్లీ విచారణ, మళ్లీ మహోకే. ఈసారి రాబర్ట్ ఒప్పుకున్నాడు. అదే ఏడాది నాలుగో ఫిలిప్ తమ్ముడు వల్వా చార్లెస్ కూతురు జోన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆ జోన్‌కు తండ్రి ద్వారా అన్న అయిన ఫిలిప్ పదేళ్లకు రాజవుతాడని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

దొంగ దస్తావేజు కథ వివరంగా చెప్పండి.

ఐదో ఫిలిప్ తర్వాత రాజైన తమ్ముడు నాలుగో చార్లెస్ 1328లో మగబిడ్డ లేకుండా పోయాడు. ఆరో ఫిలిప్ పేరుతో వల్వా ఫిలిప్ రాజయ్యాడు. గద్దె ఎక్కించడానికి రాబర్ట్ గట్టిగా తిరిగాడు. కొత్త రాజుకు కుడిభుజం. ఇక తన పని అవుతుందనుకున్నాడు. 1329లో దావా మళ్లీ తిరగదోడాడు.

ఈసారి కొత్త వాదన. ఆచారం ఏదైనా కానీ, తన తల్లిదండ్రుల పెళ్లప్పుడు తాత రెండో రాబర్ట్ ఒక పత్రం రాశాడనీ, కొడుకు ముందే పోయినా ఆర్త్వా ఆ కొడుకు పిల్లలకే వెళ్లాలని అందులో ఉందనీ అన్నాడు. ఇది తెలివైన వాదనే. పెళ్లి ఒప్పందంలో అలా రాసుంటే ఆచారాన్ని దాటొచ్చు. ఒకే ఒక్క లోటు: అలాంటి పత్రం లేదు.

ఆ లోటును తీర్చింది జోన్ ద దివియోన్ అనే ఆమె. పైన చెప్పిన తియెరీ దిర్సోన్‌కు ఉంపుడుగత్తె. తియెరీ చివరికి ఆరాస్ బిషప్ అయ్యి 1328లో పోయాడు. ఆయన తనకు వదిలిన సొమ్మును మహో ఇవ్వలేదని ఆమెకు కక్ష అంటారు. మహో ఆజ్ఞతో అసలు పత్రాలు దాచేశానని తియెరీ చావుకు ముందు ఒప్పుకున్నాడనీ, అవి తన దగ్గర ఉన్నాయనీ కథ అల్లింది. తర్వాత పత్రాలు తయారుచేయించింది.

ఆ రోజుల్లో సంతకం కంటే ముఖ్యం మైనపు ముద్ర. ముద్ర అసలుదైతే పత్రం అసలుదే. అందుకే పాత, నిజమైన పత్రాలకు వేలాడుతున్న ముద్రలను జాగ్రత్తగా ఊడదీసి కొత్తగా రాయించిన వాటికి తగిలించారు. మన దగ్గర పాత స్టాంపు పేపరు సంపాదించి వెనకటి తేదీతో రాయించడం లాంటిదే. పని మాత్రం చాలా మొరటుగా చేశారు.

ఈలోగా 1329 నవంబరు 27న మహో చనిపోయింది. రెండు నెలలు కాకుండానే, 1330 జనవరిలో, ఆర్త్వాకు బయల్దేరిన పెద్ద జోన్ కూడా దారిలో రోయ్ అనే ఊళ్లో పోయింది. హక్కు చిన్న జోన్‌కు, అంటే ఆమె భర్త ఓడ్ చేతికి వచ్చింది. ఓడ్ సామాన్యుడు కాదు, పైగా అతని చెల్లెలే ఆరో ఫిలిప్ భార్య. రాజుకు ఒకవైపు రాబర్ట్, ఇంకోవైపు సొంత భార్య పుట్టిల్లు! టెన్షన్ ఎవరికో చెప్పక్కర్లేదు.

పత్రాలు పార్లమెంటు ముందుకొచ్చాయి (అప్పటి పారిస్ పార్లమెంటు అంటే చట్టసభ కాదు, పెద్ద కోర్టు). దివియోన్‌ను పట్టుకుని అడిగితే నిజం చెప్పేసింది. పత్రాలు తప్పుడువని 1331 మార్చిలో తేల్చేశారు. అప్పుడైనా రాబర్ట్ తల వంచి ఉంటే రాజు కాపాడేవాడని నా అభిప్రాయం. వంచలేదు. అక్టోబరు 6న దివియోన్‌ను పారిస్‌లో సజీవంగా తగలబెట్టారు. రాబర్ట్ బ్రస్సెల్స్ వైపు పారిపోయాడు. 1332లో దేశబహిష్కారం వేసి ఆస్తులన్నీ జప్తు చేశారు. భార్యనూ, కొడుకులనూ ఖైదులో పెట్టారు, సాక్షాత్తూ రాజు చెల్లెలైనా.

మహో నిజంగా విషం పెట్టి రాజును చంపిందా?

నవలల్లో, టీవీ సీరియళ్లలో చంపింది. పదో లూయీ 1316లో హఠాత్తుగా పోయినప్పుడు ఆమె మీద ఆరోపణ వచ్చిన మాట నిజం. పార్లమెంటు విచారించి 1317లో నిర్దోషి అంది. అల్లుడు రాజు కాబట్టే అలా అన్నారని మీరు అనొచ్చు, కాదనను. కానీ ఆ రోజుల్లో పెద్దింట్లో ఎవరు మంచాన పడినా ముందు వినిపించేది విషం మాటే. మహో, పెద్ద జోన్ వెంట వెంటనే పోయినప్పుడు కూడా జనం అదే అన్నారు, ఈసారి రాబర్ట్ పేరుతో.

అయితే మహో ఎలాంటి మనిషి?

లెక్కల మనిషి. ఆమె ఇంటి ఖర్చుల పద్దులు, రసీదులు ఆరాస్‌లోని జిల్లా ఆర్కైవ్స్‌లో కుప్పలుగా మిగిలాయి. బంధువు ఎంత దగ్గరివాడైనా రసీదు లేకుండా పైసా కదిలేది కాదనిపిస్తుంది చూస్తే. ఆసుపత్రులు కట్టించింది, పుస్తకాలు రాయించింది, శిల్పులను పోషించింది. ఎప్పుడూ ప్రయాణంలోనే ఉండేది.

తండ్రి ఎదాన్‌లో ఒక వింత తోట వేయించాడు. అందులో యంత్రాలతో కదిలే కోతి బొమ్మలు, వచ్చినవాళ్ల మీద నీళ్లు చిమ్మే ఏర్పాట్లు ఉండేవి. మహో దాన్ని మరమ్మతులు చేయిస్తూ నడిపింది. కోతి బొమ్మలకు తోళ్లు పాడైతే కొత్తవి తొడిగించిన ఖర్చు కూడా పద్దుల్లో ఉంది. ఒకపక్క మేనల్లుడి దావా, ఒకపక్క దొరల తిరుగుబాటు, మధ్యలో కోతులకు కొత్త చర్మం! ఆమెను రాక్షసిగా ఊహించుకోవడం నాకు సాధ్యం కాకపోవడానికి సగం కారణం ఈ కోతులే.

నూరేళ్ల యుద్ధం రాబర్ట్ వల్లే వచ్చిందా?

లేదు. నైరుతి ఫ్రాన్సులోని గాస్కనీ భూముల మీద ఇంగ్లండు రాజు ఫ్రాన్సు రాజుకు ఎంతవరకు తలవంచాలన్న తగువు పాతదే. స్కాట్లండ్, ఫ్లాండర్స్ ఉన్ని వ్యాపారం, ఫ్రాన్సు కిరీటం మీద ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డ్ హక్కు, ఇవన్నీ ఉన్నాయి. రాబర్ట్ వాటికి నిప్పు అందించిన సాకు మాత్రమే.

కానీ సాకు కూడా రాతపూర్వకంగా ఉంది. రాబర్ట్ 1334 ప్రాంతంలో ఇంగ్లండు చేరాడు. ఎడ్వర్డ్ ఆదరించి పెన్షన్ ఇచ్చాడు. అప్పజెప్పమని ఆరో ఫిలిప్ అడిగాడు. ఇవ్వలేదు. 1337 మే 24న గాస్కనీని జప్తు చేస్తూ ఫిలిప్ చెప్పిన కారణాల్లో, తన శత్రువు రాబర్ట్‌కు ఆశ్రయమిచ్చాడన్నది ఒకటి. అప్పటి ఒక కావ్యంలో రాబర్ట్ విందులో వండిన కొంగను తెచ్చి ఎడ్వర్డ్ ముందు పెట్టి, పిరికి పక్షిని పిరికి రాజుకే ఇస్తున్నానంటాడు. ఎడ్వర్డ్‌కు రోషం వచ్చి యుద్ధానికి ప్రతిజ్ఞ చేస్తాడు. మంచి సీనే, చరిత్ర మాత్రం కాదు.

రాబర్ట్ చివరికి ఏమయ్యాడు?

1340 జులైలో ఇంగ్లీషువాళ్లకు తోడుగా ఫ్లాండర్స్ దండును వెంటేసుకుని సాంతొమేర్ మీదికి వచ్చాడు, అంటే తన సొంతం అనుకున్న ఆర్త్వా మీదికే. లోపల కాపలా ఉన్నది చిన్న జోన్ మొగుడు ఓడ్. రాబర్ట్ ఓడిపోయాడు. పుట్టిన గడ్డకు ఆయన అంత దగ్గరగా రావడం అదే ఆఖరు.

1342లో ఫ్రాన్సు పడమటి కొసన ఉన్న బ్రిటనీలో, వాన్ పట్టణం దగ్గర తగిలిన దెబ్బలతో పోయాడు. లండన్‌లో పూడ్చిపెట్టారు.

ఆ బ్రిటనీ యుద్ధం దేని గురించో తెలిస్తే నవ్వాలో ఏడవాలో అర్థం కాదు. 1341లో బ్రిటనీ డ్యూక్ మూడో జాన్ పిల్లలు లేకుండా పోయాడు. తమ్ముడు ముందే పోయాడు, ఆ తమ్ముడికి ఒక కూతురు, పాంతియెవ్ర్ జోన్. ఇంకోవైపు సవతి తమ్ముడు మోంఫోర్ జాన్. పోయిన తండ్రి స్థానంలో నేనున్నానంటుంది కూతురు. పోయినవాడు పోయాడు, బతికున్నవాళ్లలో దగ్గర నేనే అంటాడు బాబాయి. అంటే కూతురిది రాబర్ట్ జీవితమంతా వాదించిన వాదన. బాబాయిది మహో వాదన. ఆరో ఫిలిప్ కూతురి పక్షాన తీర్పిచ్చాడు. ఇంగ్లండు బాబాయి పక్షాన దిగింది. ఇంగ్లండు ఉప్పు తిన్న రాబర్ట్ కత్తి పట్టింది మేనత్త వాదన గెలవడానికి! పోయింది కూడా దాని కోసమే.

రాజులు ఒక్కోసారి ఒక్కో రూలు చెప్పారా?

అవును, దాచుకోకుండా. బ్రిటనీలో ప్రాతినిధ్యం చెల్లుతుందన్నారు, కూతురి భర్త రాజు మేనల్లుడు కాబట్టి. 1361లో బర్గండీ డచీ ఖాళీ అయినప్పుడు ఆరో ఫిలిప్ కొడుకు రెండో జాన్ మాట మార్చాడు. నవార్ రాజు చార్లెస్ ఓడ్ తండ్రి పెద్ద కూతురి సంతతి. జాన్ చిన్న కూతురి కొడుకే అయినా ఒక మెట్టు దగ్గర. ఈసారి దగ్గరితనమే గొప్ప అని డచీ తానే తీసుకున్నాడు. అన్నట్టు ఈ నవార్ చార్లెస్ ఎవరో కాదు, 1316లో బాబాయి పక్కకు నెట్టిన ఆ చిన్నపిల్ల కొడుకు.

చివరికి ఆర్త్వా ఎవరికి దక్కింది?

మహో సంతతికే, అదీ ఎక్కువగా ఆడవాళ్ల ద్వారా. చిన్న జోన్ 1347లో పోయింది. ఆమె కొడుకు అంతకు ముందే పోవడంతో పసివాడైన మనవడు రూవ్ర్ ఫిలిప్‌కు వచ్చింది. 1361లో అతను పిల్లలు లేకుండా పోతే నాయనమ్మ చెల్లెలు మార్గరెట్‌కు వెళ్లింది. ఈమె కూడా ఐదో ఫిలిప్, పెద్ద జోన్‌ల కూతురే, ఫ్లాండర్స్ కౌంటు భార్య. 1382లో ఆమె కొడుకు లూయీకి, 1384లో ఆయన కూతురు ఇంకో మార్గరెట్‌కు. ఈ రెండో మార్గరెట్ భర్త బర్గండీ డ్యూక్ ధీర ఫిలిప్. అక్కడి నుంచి బర్గండీ డ్యూకుల ఆస్తి. 1477లో నాన్సీ దగ్గర సాహస చార్లెస్ చచ్చిపోయాక, అతని కూతురు మేరీ పెళ్లి ద్వారా హాబ్స్‌బర్గుల చేతికి వెళ్లింది. మధ్యలో ఫ్రాన్సు లాక్కోవడం, 1493లో తిరిగివ్వడం జరిగాయి. 1659 సంధితో చాలాభాగం, 1678లో మిగతాది మళ్లీ ఫ్రాన్సు పాలయింది. తర్వాత అది ఒట్టి బిరుదు. చివరి బూర్బన్ రాజు పదో చార్లెస్ రాజు కాకముందు ఆర్త్వా కౌంటు అనే పిలిపించుకున్నాడు.

మూడో రాబర్ట్ పిల్లలకు ఏమీ రాలేదా?

ఆర్త్వా రాలేదు. కానీ కొడుకు జాన్‌ను రాజు రెండో జాన్ దగ్గరికి తీసి, నార్మండీ తీరంలోని 'ఒ' అనే కౌంటీ ఇచ్చాడు. అది 1350లో తల తీసేసిన కాన్‌స్టబుల్ (అప్పట్లో పోలీసు కాదు, రాజు సేనాధిపతి) రావుల్ నుంచి జప్తు చేసింది. ఒకరి జప్తుతో పోయిన ఇల్లు ఇంకొకరి జప్తుతో నిలబడింది. మనవడు ఫిలిప్ కాన్‌స్టబుల్ అయ్యి, 1396లో నికోపోలిస్‌లో తురుష్కులకు చిక్కి చెరలోనే పోయాడు. మునిమనవడు చార్లెస్ 1415లో అజాంకూర్‌లో దొరికిపోయి 23 ఏళ్లు ఇంగ్లండులో ఖైదీగా ఉన్నాడు. ముత్తాతకు ఆశ్రయమిచ్చిన దేశంలోనే. 1472లో అతను సంతానం లేకుండా పోవడంతో మగవైపు ఈ వంశం ఆరిపోయింది.

ఇప్పుడు వెళ్తే చూడటానికి ఏమైనా ఉన్నాయా?

ఎదాన్ తోట లేదు. పాత ఎదాన్ ఊరినే 1553లో ఐదో చార్లెస్ చక్రవర్తి నేలమట్టం చేయించాడు. ఆయన మహో వంశంవాడే! 'ఒ' పట్టణంలో చర్చి కింద నేలమాళిగలో రాబర్ట్ సంతతివాళ్ల రాతి విగ్రహాలు పడుకుని ఉంటాయి. రాబర్ట్ విచారణ రికార్డు చేతిరాత ప్రతి ఒకటి పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. దాని మొదటి బొమ్మలో రాజు, చుట్టూ పీర్లు కొలువు తీరి ఉంటారు.

ఒక్కటే చూడగలిగితే పారిస్ పక్కన సాన్-దెనీ చర్చికి వెళ్లండి. అక్కడ చేతులు జోడించి పడుకున్న ఒక కుర్రవాడి పాలరాతి సమాధి ఉంది, జాన్ పెపాన్ ద యువీ అనే శిల్పి చెక్కింది. అది మహో కొడుకుది. పేరు, ఊహించగలరు, రాబర్ట్. అతను బతికుంటే ఆర్త్వా పెద్ద జోన్‌కు గానీ, ఆమె ద్వారా బర్గండీకి గానీ వెళ్లేదే కాదు. ఈ వంశంలో ఎవరితోనూ గొడవ పడని రాబర్ట్ అతనొక్కడే.